క్యాన్సర్ చికిత్సలో ఉన్న పిల్లలకీ వాళ్ల కుటుంబాలకీ క్యాంప్ పెట్టాలంటే: మొదటి ఫోన్ నుంచి చివరి లెక్క దాకా

పిల్లలకి క్యాన్సర్ అనగానే మనకి ముందు తట్టేది డబ్బు సాయం. అది కావాలి, కాదనేవాళ్లు ఎవరూ లేరు. కానీ ఆస్పత్రిలో ఆ పిల్లాణ్ని ఎవరూ ఏదీ అడగరు. సూది గుచ్చుతారు, వెన్నులోంచి నీరు తీస్తారు, జుట్టు రాలిపోతుంది, బడి మానిపిస్తారు, పానీపూరీ వద్దంటారు, పక్కింటి పిల్లలతో ఆడొద్దంటారు. ఇవన్నీ అవసరమే. పిల్లల్లో ఎక్కువగా కనిపించే బ్లడ్ క్యాన్సర్, అంటే ఏఎల్ఎల్‌కి చికిత్స రెండు నుంచి మూడేళ్లు నడుస్తుంది, ఆరేళ్ల పాపకి మూడేళ్లంటే బతికిన కాలంలో సగం. అంతకాలం "నీకేం కావాలి" అని అడగని చోట పెరిగిన పాపకి, రెండు రోజులు తనే ఎంచుకునే, తనే వద్దనగలిగే చోటు చూపించడమే క్యాంప్ చేసే పని. మీరు తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ దీంతో కొలుచుకోండి.

ఇది కొత్త ఆలోచనేం కాదు. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ 1988లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం యాష్‌ఫర్డ్‌లో హోల్ ఇన్ ద వాల్ గ్యాంగ్ క్యాంప్ మొదలుపెట్టాడు. పాతకాలపు కౌబాయ్ ఊరులా కట్టారు. అక్కడి వైద్య కేంద్రం పేరు ఓకే కొరాల్, చూడటానికి ఆస్పత్రిలా ఉండదు. కుటుంబాల దగ్గర పైసా తీసుకోరు. 1994లో ఐర్లాండ్‌లోని బారెట్స్‌టౌన్ కోటలో ఇలాంటిదే మొదలైంది. ఈ క్యాంపుల్లో గుర్రపు స్వారీ దగ్గర్నుంచి నాటకం దాకా ఏ ఆటైనా పిల్ల ముందు పెడతారు, ఎంతవరకు వెళ్లాలన్నది పిల్ల ఇష్టం. మనకి కోట అక్కర్లేదు, గుర్రాలూ అక్కర్లేదు. ఆ పద్ధతి చాలు. కింద రాసింది హైదరాబాద్ చుట్టుపక్కల, పదిహేను మంది పిల్లలతో, వాళ్ల అమ్మానాన్నలు, తోబుట్టువులతో కలిపి యాభై అరవై మందికి క్యాంప్ పెట్టాలనుకునేవాళ్ల కోసం. విశాఖలోనో తిరుపతిలోనో పెట్టేవాళ్లు ఊళ్ల పేర్లు మార్చుకుంటే సరిపోతుంది.

మొదటి అడుగు: హాల్ కాదు, ఆస్పత్రి

చాలామంది ముందు రిసార్ట్ బుక్ చేసి తర్వాత పిల్లల కోసం వెతుకుతారు. తలకిందుల పని అది. ముందు ఒక ఆస్పత్రితో మాట్లాడండి. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె., బంజారాహిల్స్‌లోని బసవతారకం, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి, ఇలాంటి చోట్ల పిల్లల విభాగం డాక్టర్‌తో, సోషల్ వర్కర్‌తో కూర్చోండి. ప్రభుత్వ ఆస్పత్రయితే డైరెక్టర్‌కి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాలి, జవాబుకి సమయం పడుతుంది కాబట్టి మూడు నాలుగు నెలల ముందే కదలండి. పిల్లల పేర్లూ ఫోన్ నంబర్లూ వాళ్లని అడగొద్దు. మీ క్యాంప్ సంగతి రాసిన కాగితాన్ని సోషల్ వర్కరే తల్లిదండ్రులకి చూపిస్తారు, సరేనన్నవాళ్ల వివరాలు మాత్రమే మీ దగ్గరికి రావాలి.

అలాగే ఇప్పటికే ఈ పనిలో ఉన్నవాళ్లని కలవండి. బయటి ఊళ్ల నుంచి చికిత్సకి వచ్చిన కుటుంబాలకి ఉచితంగా వసతి ఇచ్చే సెయింట్ జూడ్ ఇండియా 2006లో ముంబైలో మొదలైంది, హైదరాబాద్‌లోనూ ఉంది. కడుల్స్ ఫౌండేషన్ పిల్లల పోషణ మీద పనిచేస్తుంది, క్యాన్‌కిడ్స్ చికిత్స ఖర్చు నుంచి చదువు దాకా చూస్తుంది. వీళ్ల దగ్గర కొన్నాళ్లు వాలంటీర్‌గా చేయకుండా సొంతంగా క్యాంప్ పెట్టొద్దనే నా సలహా. పిల్లల్ని చూడగానే కళ్లనీళ్లు పెట్టుకునే దశ మనకి ముందే దాటిపోవాలి, వాళ్ల ఎదుట కాదు.

తేదీ, చోటు

మే ఎండల్లో పెట్టొద్దు. కొన్ని మందులు వాడే పిల్లలకి ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది. జూలై నుంచి అక్టోబర్ దాకా వైరల్ జ్వరాలు, డెంగీ. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య అయితే మేలు. ఫిబ్రవరి 15 అంతర్జాతీయ బాలల క్యాన్సర్ దినం కాబట్టి ఆ వారంలో పెడితే దాతలు తేలిగ్గా కదులుతారు, కానీ ఆస్పత్రిలోనూ ఆ వారమే హడావుడి, డాక్టర్లు దొరకరు.

చోటు విషయంలో నాదొక్కటే పట్టు: జ్వరం వచ్చిన పిల్లని గంటలోపు క్యాన్సర్ పిల్లలకి వైద్యం చేయగల ఆస్పత్రిలో దించగలగాలి. అనంతగిరి కొండలు అందంగా ఉంటాయి, కానీ వికారాబాద్ దాటి అర్ధరాత్రి హైదరాబాద్‌కి పరుగెత్తడం ఊహించుకోండి. శామీర్‌పేట వైపో, మొయినాబాద్ వైపో వెతకండి, అక్కడి నుంచైనా రాత్రి వేళ ఎంతసేపు పడుతుందో ఒకసారి బండిలో వెళ్లి చూసుకోండి. పక్కన ఇల్లు కడుతుంటేనో, పాత గోడలు పగలగొడుతుంటేనో ఆ చోటు వద్దు, ఆ దుమ్ములో ఉండే బూజు కౌంట్స్, అంటే రక్తకణాల సంఖ్య, తక్కువ ఉన్న పిల్లల ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం. కోళ్లు, కుందేళ్లు, పావురాలు పెంచే ఫార్మ్‌హౌస్‌లూ వద్దు. గదికో బాత్రూం, మెట్లు తక్కువ, వెస్ట్రన్ కమోడ్ ఉండాలి. విన్‌క్రిస్టిన్ అనే మందు వల్ల చాలామంది పిల్లలకి కాళ్లలో పట్టు తగ్గుతుంది, కింద కూర్చుంటే లేవలేరు.

మొదటిసారి ఒక్క రోజు క్యాంపే పెట్టండి. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు. రాత్రి బస తర్వాతి మెట్టు.

వైద్యం: ఇక్కడ రాజీ లేదు

ప్రతి పిల్లకీ తన సొంత డాక్టర్ సంతకం చేసిన ఫిట్‌నెస్ కాగితం ఉండాలి. క్యాంప్‌కి రెండు మూడు రోజుల ముందు చేసిన రక్తపరీక్ష ఉండాలి. తెల్ల కణాల్లో న్యూట్రోఫిల్స్ 500 కంటే తక్కువుంటే దాన్ని తీవ్రమైన తగ్గుదలగా చూస్తారు. ఏ సంఖ్య దగ్గర పంపాలి, ఎక్కడ ఆపాలి అన్నది పిల్లని చూస్తున్న డాక్టర్ చెప్పాలి, మీరూ నేనూ కాదు. కౌంట్ పడిపోయి ఆఖరి నిమిషంలో ఆగిపోయిన పిల్లలు ప్రతిసారీ ఉంటారు. వాళ్ల కోసం క్యాంప్ సంచీని, అంటే టోపీ, రంగులు, ఆటవస్తువులు, వార్డుకే పంపే ఏర్పాటు ముందే చేసి పెట్టుకోండి.

క్యాంప్ అంతసేపూ ఒక డాక్టర్, ఇద్దరు నర్సులు ఉండాలి. వాళ్లలో ఒకరైనా పిల్లల క్యాన్సర్ వార్డులో చేసినవాళ్లు కావాలి. వాళ్లకీ, ప్రతి వాలంటీర్‌కీ కంఠతా రావాల్సినవి ఇవి:

- 100.4 ఫారెన్‌హీట్ జ్వరం వస్తే ఆట ఆగిపోతుంది, వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. పారాసెటమాల్ వేసి చూద్దాం అన్న మాటే రాకూడదు. జ్వరం కిందికి దిగినట్టు కనిపిస్తుంది, లోపల ఇన్ఫెక్షన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.
- బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి ఎవరి పర్సులోంచీ బయటికి రాకూడదు, ప్లేట్‌లెట్స్ తక్కువున్న పిల్లలకి రక్తస్రావం అవుతుంది.
- కీమో అయిన 48 గంటల లోపు పిల్ల వాంతి చేసుకుంటే, పక్క తడిపితే గ్లవ్స్ వేసుకునే శుభ్రం చేయాలి.
- మందులెక్కించడానికి ఛాతీలో పెట్టే పోర్ట్ లేదా చేతి రక్తనాళంలోంచి వేసే పిక్ లైన్ ఉన్న పిల్లని చంకలకింద పట్టుకుని ఎత్తొద్దు. పిక్ లైన్ ఉంటే నీళ్లాట లేదు.

మాత్రలు తల్లి చేతో తండ్రి చేతో వేయించండి, నర్సు పక్కనే ఉండి కాగితంలో టిక్ పెట్టుకోవాలి. మెయింటెనెన్స్‌లో, అంటే ఇంటి దగ్గరే మాత్రలతో నడిచే చివరి దశలో ఉన్న పిల్లలకి మెథోట్రెక్సేట్ అనే కీమో మాత్ర వారానికి ఒక్కసారే, పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఇన్ఫెక్షన్ రాకుండా ఇచ్చే కోట్రైమాక్సజోల్‌ని చాలామందికి వారంలో కొన్ని రోజులే రాస్తారు, తరచుగా అవి శనాదివారాలే, అంటే సరిగ్గా మన క్యాంప్ రోజులు. ఇల్లు వదిలి వచ్చిన సందడిలో మర్చిపోతారు.

ఇంకొకటి. బయల్దేరే ముందు ప్రతి కుటుంబాన్నీ అడగాల్సిన ప్రశ్న: "గడిచిన మూడు వారాల్లో ఇంట్లోగానీ, చుట్టుపక్కలగానీ ఎవరికైనా అమ్మవారు పోసిందా, తట్టు వచ్చిందా?" చికెన్‌పాక్స్ అని అడిగితే ఊళ్లలో సగం మంది లేదంటారు, అమ్మవారు అంటేనే చెబుతారు. కీమోలో ఉన్న పిల్లకి ఆటలమ్మ సోకితే అది మామూలు ఆటలమ్మ కాదు, ప్రాణాపాయం. ఒంటి మీద పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే అది అంటుకుంటుంది, సోకాక బయటపడటానికి 21 రోజుల దాకా పట్టొచ్చు. అందుకే అవునని చెప్పిన కుటుంబం, తమ్ముడికి వచ్చినా సరే, ఈసారికి ఆగాలి. చెప్పడం కష్టంగా ఉంటుంది. అయినా చెప్పాలి. ఆ పిల్ల విషయం ఆ రోజే తన డాక్టర్‌కి తెలియజేయాలి కూడా, సోకిన కొద్ది రోజుల్లోపే ఇవ్వాల్సిన మందులు ఉంటాయి.

తిండి

బయట క్యాటరింగ్ కంటే ఒక వంటమనిషిని పెట్టుకుని అక్కడే వండించండి. వేడివేడి ఇడ్లీ, ఉప్మా, అన్నం, ముద్దపప్పు, నెయ్యి, బాగా ఉడికిన కూర. పచ్చి కీరా ముక్కలు, పచ్చి ఉల్లిపాయ, కోసి పెట్టిన పండ్లు, బయటి ఐస్ ముక్కలు, గంటల తరబడి నిలవున్న కొబ్బరి చట్నీ వద్దు. తొక్క ఒలుచుకు తినే అరటిపండు, బత్తాయి మంచివి. నోటి పూతతో ఉన్న పిల్లల కోసం కారం లేని గిన్నె ఒకటి ఎప్పుడూ విడిగా ఉండాలి. స్టెరాయిడ్స్ వాడుతున్న పిల్లలకి ఆకలి ఆగదు, రాత్రి పదకొండింటికి లేచి పప్పన్నం అడుగుతారు, కోపమూ ఏడుపూ కూడా ఆ మందుదే. వంటగదిలో ఒకరు మెలకువగా ఉండాలి, విసుక్కోకుండా పెట్టాలి. ఇందాక తిన్నావు కదా అనొద్దు.

రాకపోకలు

తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు కాబట్టి తల్లులు వచ్చేస్తార్లే అనుకోకండి. టికెట్ ఒక్కటే అయితే ఇబ్బంది లేకపోయేది, కిక్కిరిసిన బస్సులో ఆ పిల్ల రావడమే అసలు సమస్య. రైల్లో క్యాన్సర్ రోగులకిచ్చే రాయితీ కూడా చికిత్సకీ చెకప్‌కీ వెళ్లేటప్పుడే, క్యాంప్‌కి కాదు. ఆస్పత్రి దగ్గర్నుంచి క్యాంప్‌కి మీరే బండి పెట్టండి. కూలికి వెళ్లే తండ్రికి రెండు రోజులు పోతే రెండు రోజుల కూలి పోతుంది, అది కూడా మీ బడ్జెట్‌లో రాసుకోండి. ఇది దానం కాదు, అతను వచ్చి తన బిడ్డతో ఆడుకోవడానికి అడ్డం తీసేయడం.

ఊరికి ఏ ఉత్తరం పంపినా కవర్ మీద క్యాన్సర్ అన్న మాట కనిపించకూడదు. ముఖ్యంగా ఆడపిల్లల ఇళ్లకి. రేపు పెళ్లికి అడ్డమవుతుందని ఎన్నో కుటుంబాలు చుట్టాలకి కూడా చెప్పుకోవు, ఇది అంటువ్యాధి అనుకునే ఊళ్లు ఇంకా ఉన్నాయి. బండి మీద బ్యానర్ కట్టకండి.

వాలంటీర్లు

ఇద్దరు పిల్లలకి ఒక వాలంటీర్. పిల్లలు వాళ్లని అన్నా, అక్కా అనే పిలుస్తారు, సార్ మేడమ్‌లు వద్దు. ప్రతి ఒక్కరికీ పోలీస్ వెరిఫికేషన్, ఒక పూట శిక్షణ తప్పనిసరి. ఏ పెద్దవాళ్లూ ఒక పిల్లతో తలుపు వేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దలు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసినా, అనుమానం వచ్చినా చెప్పడం ప్రతి ఒక్కరి బాధ్యత, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్ అందరి ఫోన్లలో ఉండాలి. జలుబు, దగ్గు ఉన్న వాలంటీర్ ఎంత ఉత్సాహంగా ఉన్నా ఇంట్లోనే ఆగాలి.

శిక్షణలో మాటల గురించి ఎక్కువసేపు గడపండి. "అయ్యో పాపం", "దేవుడున్నాడు", "నువ్వు చాలా ధైర్యవంతుడివి" ఇవేవీ అనొద్దు. ధైర్యంగా ఉండు అని రోజూ వినే పిల్లాడికి ఏడవడానికి చోటు లేకుండా పోతుంది. "ఏ రంగు కావాలి?" "నువ్వు ఆడతావా, స్కోరు రాస్తావా, చూస్తావా?" అని అడగండి. వద్దంటే వద్దు, రెండోసారి బతిమాలొద్దు. పక్కన కూర్చుని మీరు మీ బొమ్మకి రంగులు వేసుకోండి. చాలాసార్లు పది నిమిషాల తర్వాత ఆ చేయి తనంతట తనే రంగుల వైపు వస్తుంది, రాకపోయినా నష్టమేమీ లేదు.

పిల్లలు చావు గురించి అడుగుతారు. "పోయినసారి నా పక్క బెడ్ మీదున్న బాబు ఏడన్నా?" అని సూటిగా అడుగుతారు. ఊరెళ్లాడని అబద్ధం చెప్పొద్దు, అప్పటికే వాళ్లకి తెలిసి ఉంటుంది, మనం చెబుతామా లేదా అని చూస్తున్నారంతే. "నువ్వేమనుకుంటున్నావు?" అని అడిగి విని, పిల్లతో పాటు వెళ్లి తల్లికీ కౌన్సెలర్‌కీ చెప్పండి. క్యాంప్‌కి వారం ముందు, మళ్లీ ముందురోజు, సోషల్ వర్కర్‌తో పేర్ల జాబితా సరిచూసుకోండి. పోయిన బిడ్డ కోసం "రేపు బండి ఎన్నింటికి పంపమంటారు?" అని ఇంటికి ఫోన్ వెళ్లకూడదు.

ఏం ఆడించాలి

వామనగుంటలు, అష్టాచెమ్మా, పొడుపు కథలు, అంత్యాక్షరి, రంగులు, మట్టి బదులు ఇంట్లో కలిపిన పిండితో బొమ్మలు, మేజిక్, తోలుబొమ్మలాట దొరికితే మరీ మంచిది. కూర్చుని ఆడేవి సగం, కదిలేవి సగం. తొక్కుడుబిళ్ల, కర్రాబిళ్ల వద్దు, కాళ్లలో పట్టులేని పిల్ల పడితే, ప్లేట్‌లెట్స్ తక్కువుంటే అది చిన్న దెబ్బగా పోదు. సంక్రాంతి రోజుల్లో గాలిపటాలు పెడితే మామూలు నూలు దారమే, మాంజా ఏ రకమైనా వద్దు. రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ వల్ల ఒక కన్ను తీసేసిన పిల్లలకి బంతి ఎంత దూరంలో ఉందో తెలియడం కష్టం, చూపున్న వైపు నుంచి మాట్లాడండి, పెద్ద మెత్తని బంతి ఇవ్వండి. కాలు తీసిన పిల్లలు ఉంటే వీల్‌చైర్ పట్టే దారిలోనే ఆటలన్నీ పెట్టండి, వాళ్లకని విడిగా ఒక ఆట పెట్టొద్దు.

మధ్యాహ్నం నిద్ర తప్పనిసరి. ప్రోగ్రాం నిండుగా కనిపించాలని ఆ గంటన్నర తినేయకండి.

నాటకం ఒకటి వేయించండి. డాక్టర్ వేషం పిల్లలకివ్వండి, నిజం డాక్టర్‌ని రోగిగా పడుకోబెట్టండి. సూది లేని సిరంజి పట్టుకుని "కదలొద్దు, చీమ కుట్టినట్టే ఉంటుంది" అని ఆ పిల్లలు డాక్టర్‌తో చెప్పేటప్పుడు వార్డులో ఎవరెవరు ఏమేం అంటారో అన్నీ బయటికి వస్తాయి. రెండు రోజుల్లో ఒక్క కార్యక్రమమే పెట్టాల్సి వస్తే నేను దీన్నే పెడతాను.

అన్నలు, చెల్లెళ్లు, అమ్మలు, నాన్నలు

జబ్బు పడిన పిల్లకి అందరూ బొమ్మలు తెస్తారు. అమ్మమ్మ దగ్గర వదిలేసిన అన్నకి ఎవరూ ఏమీ తేరు, అమ్మ నెలల తరబడి కనిపించదు, అడిగితే స్వార్థమేమో అని వాడే నోరు మూసుకుంటాడు. తన కోపం వల్లే చెల్లికి జబ్బు చేసిందని నమ్మే పిల్లలూ ఉంటారు. వాళ్లకీ అదే టోపీ, అదే సంచీ, మెడలో వాళ్ల సొంత పేరుతో బ్యాడ్జీ. రోజులో ఒక గంట అమ్మ ఆ అన్నతోనే గడపాలి, జబ్బుపడిన పిల్లని అంతసేపూ వాలంటీర్లు చూసుకుంటారు. ఈ గంటని టైంటేబుల్‌లో రాయండి, రాయకపోతే జరగదు.

తల్లులకి ఉపన్యాసాలు పెట్టకండి. చాపలు పరిచి టీ ఇచ్చి, చికిత్స పూర్తయిన పిల్ల తల్లిని ఒకరిని వాళ్ల మధ్య కూర్చోబెట్టండి. మొదటి నెల కీమోకే పిల్ల తేరుకుంటే తగ్గిపోయింది కదా అని మందులు ఆపేసే కుటుంబాలున్నాయి. ఆరోగ్యశ్రీ కార్డుతో చికిత్స నడుస్తున్నా దారిఖర్చులు, గది అద్దె భరించలేక ఆగిపోయేవాళ్లూ ఉన్నారు. డాక్టర్ పదిసార్లు చెప్పినా ఎక్కని మాట, "మేమూ ఆపేద్దామనుకున్నాం వదినా" అని ఇంకో తల్లి అంటే ఎక్కుతుంది. నాన్నలు అలా గుండ్రంగా కూర్చుంటే మాట్లాడరు. వాళ్లకో పని ఇవ్వండి, అంపైరింగ్, వడ్డన, పందిరి కట్టడం, చేతులు ఆడుతుంటే మాటలు వస్తాయి.

చికిత్స పూర్తయి పెద్దవాళ్లయిన పిల్లల్ని వాలంటీర్లుగా పిలవండి. ఇండియన్ క్యాన్సర్ సొసైటీకి ఉగమ్ అని ఇలా జబ్బు దాటినవాళ్ల బృందమే ఉంది. ఇంజనీరింగ్ చదువుతున్న అక్కకి కూడా ఒకప్పుడు జుట్టు లేదని తెలిసిన పిల్ల ఆమెను వదిలి కదలదు.

డబ్బు, ఫొటోలు

కొత్త ట్రస్ట్ పెట్టడం కంటే ఆదాయపు పన్ను మినహాయింపు కోసం చేసుకునే 12ఏ, 80జీ నమోదులు ఉన్న సంస్థ కింద నడపడం తేలిక. నగదుగా 2,000 రూపాయలకి మించి ఇచ్చిన దానికి 80జీ మినహాయింపు రాదు కాబట్టి బ్యాంకు ద్వారానే తీసుకోండి. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు కావాలంటే ఆ సంస్థకి సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లు పంపుతామంటే ముందు పాస్‌పోర్ట్ ఏదో అడగండి: భారత పౌరులు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు, అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే వస్తుంది, ఓసీఐ కార్డు ఉన్నా సరే. అప్పుడు విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ కింద నమోదుగానీ ముందస్తు అనుమతిగానీ లేని సంస్థ రూపాయి కూడా తీసుకోకూడదు.

దాతలు ఫొటో అడుగుతారు. జుట్టులేని పిల్లలకి బిస్కెట్ ప్యాకెట్ అందిస్తున్న ఫొటో కావాలని ఒకాయన నాతో గట్టిగానే వాదించారు, చివరికి ఆ డబ్బు వదులుకున్నాం. వదులుకోవచ్చు. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఒక్కటే చాలదు, పిల్లని కూడా అడగండి. పేపర్లో వేయడానికైతే మొహాలు కనిపించని ఫొటోలు, బొమ్మలు వేస్తున్న చేతులు, వేలాడదీసిన టోపీలు సరిపోతాయి. పిల్లల సొంత ఫొటోలు ప్రింట్ తీసి వాళ్లకే ఇవ్వండి. రాజకీయ నాయకుడు వచ్చి గంటసేపు మాట్లాడే ప్రారంభసభ పెట్టొద్దు.

క్యాంప్ అయ్యాక

మూడో రోజు ప్రతి ఇంటికీ ఫోన్ చేసి జ్వరం ఉందా, విరేచనాలయ్యాయా అని కనుక్కోండి. క్యాంప్ అయిన 21 రోజుల లోపు ఎవరికైనా పొక్కులు వస్తే మీకు చెప్పమని ముందే చెప్పి ఉంచండి, చెప్పిన వెంటనే మిగతా కుటుంబాలన్నిటికీ, ఆస్పత్రికీ కబురు వెళ్లాలి. వాలంటీర్లు పిల్లలకి సొంత నంబర్లిచ్చి రేపు వస్తాను, ఎల్లుండి వస్తాను అని మాటిచ్చే పని చేయొద్దు. వార్డుకి వెళ్లదలచుకుంటే సోషల్ వర్కర్ ద్వారా, చెప్పిన రోజున తప్పకుండా వెళ్లాలి. తల్లులు తమలో తాము నంబర్లు మార్చుకుంటే మార్చుకోనివ్వండి, మీరు గ్రూప్ పెట్టి అందర్నీ చేర్చకండి.

నెలలోపు లెక్కలు దాతలకి పంపండి, మిగిలిన డబ్బు ఎంతో, దేనికి ఉంచారో అందులో రాయండి. వైద్య కాగితాలు ఆస్పత్రికి తిరిగి ఇచ్చేసి, మీ ఫోన్లలో ఉన్న కాపీలు తీసేయండి. తర్వాతి క్యాంప్ తేదీని డాక్టర్, డబ్బు, చోటు మూడూ ఖాయమయ్యాకే కుటుంబాలకి చెప్పండి, పిల్లలు ఆ తేదీని క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టి పెట్టుకుంటారు.